ఎనిమిదో నంబరు

శివరాత్రి దాటిన రెండు మూడు వారాలకు మా క్యాంపస్‌లో గడ్డి తెల్లబడుతుంది. తార్నాక వైపు నుంచి వచ్చేవాళ్లకు విశ్వవిద్యాలయమంటే భవనాలు, హాస్టళ్లు, చెట్ల కింద రోడ్లు. వెనక ఇంకా చాలా నేల ఉంది. రాళ్లు, సీతాఫలం పొదలు, నీలగిరి చెట్లు, నడుమెత్తు గడ్డి. అక్కడ ప్రతి ఎండాకాలం మంట లేస్తుంది. ఎవరో ఊడ్చిన ఆకులకు నిప్పుపెట్టి వెళ్లిపోతారు, లేదా ఆర్పని బీడీ పారేస్తారు. గాలి తోడైతే గంటలో గుట్ట ఒక పక్కంతా నల్లబడుతుంది.

ఫైరింజను వస్తుంది. ఆలస్యమేమీ చేయదు. కానీ అది రోడ్డు దిగి రాళ్లలోకి రాలేదు. పైపు అందిన మేరకే దాని పని. అందని చోటికి మనుషులు నడిచి వెళ్లాలి. అందుకోసం క్యాంపస్‌లో పనిచేసేవాళ్లం, చదువుకునేవాళ్లం కలిసి పన్నెండు మందిమి ఒక జట్టుగా ఉండేవాళ్లం. ఎవరికీ అది ఉద్యోగం కాదు. సెక్యూరిటీ సూపర్‌వైజరు మా నాయకుడు. అంతకుముందు సైన్యంలో పనిచేసినవాడు. తోటపనివాళ్లు నలుగురు, హాస్టల్ మెస్‌లో వంటవాళ్లు ఇద్దరు, పరిశోధక విద్యార్థులు ఇద్దరు, ఒక ఎలక్ట్రీషియన్, భూగర్భశాస్త్ర విభాగం నుంచి ఒక ల్యాబ్ అటెండరు, లైబ్రరీ నుంచి నేను.

నన్ను ఇందులోకి తెచ్చింది ఆ ల్యాబ్ అటెండరే. రాళ్లను పలచగా కోసి, గాజు పలకకు అంటించి, వెలుతురు కనబడేదాకా అరగదీయడం ఆయన పని. పాత పటాల కోసం లైబ్రరీకి వస్తూ పరిచయమయ్యాడు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. మాది కర్నూలు వైపు కాబట్టి ఆయన నన్ను సీమ సారూ అనేవాడు. మా ఆవిడ పోయాక నేను ఆఫీసు అయిపోయినా లైబ్రరీలోనే కూర్చునేవాణ్ణి. ఇంటికి వెళితే చదవడానికి పుస్తకాలు చాలా ఉన్నాయి, చదవబుద్ధయ్యేది కాదు. ఒకరోజు ఆయన నా బల్ల ముందు నిలబడి, "ఇంట్ల గోడలు, ఈడ గోడలు. ఎన్ని దినాలు చూస్తవ్? రేపటికెల్లి నాతోని రా. చెమట పడితే నిద్రన్న పడ్తది" అన్నాడు.

మంట ఆర్పడానికి మా దగ్గర పెద్ద సామాను లేదు. కానుగ కొమ్మలు, తడి గోనెసంచులు, పారలు, చెట్లకు మందు కొట్టే పంపుల్లో నీళ్లు. మొదటిసారి నేను కొమ్మను తలపైకెత్తి బలంగా కొట్టాను.

"సారూ, బట్టలుతుకుతున్నవా ఏంది?" అన్నాడు. "గట్ల లేపి కొడ్తే రవ్వలు లేచి ఎనకకు పడ్తయ్. అద్దిపట్టు. గుంజు. మల్ల అద్దిపట్టు."

"చెయ్యి కాలుతోంది అన్నా."

"కాలకుంటె ఎట్ల? మంట గాదా, ఐస్‌గడ్డనా?"

కాలిన నేల మీదే నిలబడి పనిచేయాలనీ, కాలని గడ్డి ఎప్పుడూ మన వెనక ఉండకూడదనీ ఆయనే నేర్పాడు. రెండు ఎండాకాలాలు ఆయన పక్కనే నిలబడ్డాను. నిద్ర పట్టిన మాట నిజం.

మా జట్టుకు ఒక పద్ధతి ఉండేది. మంట ఆరాక సూపర్‌వైజరు ఈల వేస్తాడు. అందరం నీళ్ల ట్యాంకరు దగ్గరికి రావాలి. ఎవరి నంబరు వాళ్లు వరసగా పలకాలి. పన్నెండు వినబడేదాకా ఎవరూ నీళ్లు ముట్టకూడదు. సైన్యంలో అలా చేసేవాళ్లో, ఆయనే పెట్టాడో తెలియదు. గొంతు ఎండిపోయి, ట్యాంకరు కొళాయి చేతికందేంత దూరంలో ఉంటే ఆ లెక్క చాలా పొడుగనిపించేది. నాది ఏడు. ఆయనది ఎనిమిది. తోటపని చేసే ఒకావిడది తొమ్మిది.

ఆయన భార్య లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో పనిచేసేది. వాళ్లకు పిల్లలు లేరు. మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. సాయంత్రం ఆమె ఆఫీసు అయ్యే వేళకు ఆయన స్కూటర్ మీద వెళ్లి గేటు దగ్గర ఎక్కించుకోవాలి. మంట ఆరడం, ఆ వేళ కావడం ఒకటే అయితే ఆయనకు కంగారు. "లెక్క దాక ఉంటే ఆమె గేటు కాడ నిలబడ్తది. నిలబడ్డంక ఇగ నా పని అయిపోయినట్టే. నా నంబర్ గూడ నువ్వే చెప్పు" అని, గుట్ట కింది దారిన స్కూటర్ దగ్గరికి వెళ్లిపోయేవాడు.

నేను చెప్పేవాణ్ణి. అందులో తప్పుందని అనిపించలేదు. మేం పనిచేసేది విశ్వవిద్యాలయంలో. క్లాసులో లేనివాడి నంబరు పక్కవాడు పలుకుతాడు. దాన్ని ప్రాక్సీ అంటారు, అది పిల్లలకు ఆట. ఆఫీసుల్లో మేమూ అంతే. సెక్షన్లో లేనివాణ్ణి ఎవరైనా అడిగితే "ఇప్పుడే టీకి వెళ్లాడు" అంటాం. హాజరు పట్టీలో పక్కవాడి పొట్టి సంతకం చేయగలగడం స్నేహంలో భాగం. ఏడు అని, ఒక అర క్షణం ఆగి, తల కొంచెం పక్కకు తిప్పి, గొంతు మార్చి ఎనిమిది అనేవాణ్ణి. సూపర్‌వైజరు కాగితం మీద గీతలు పెడుతూ ఉంటాడు, తలెత్తడు. ఒకసారి తొమ్మిదో నంబరావిడ నా చెవిలో, "ఏడుకు జలుబున్నది, ఎనిమిదికి లేదా సారూ?" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. అలా ఐదారుసార్లు జరిగింది.

ఆ రోజు ఏప్రిల్ మధ్యాహ్నం. పాత రాతి క్వారీ వెనక మంట లేచింది. ఎప్పటికంటే పెద్దదే. రెండు గంటలు కొట్టాం. ఆయన నాకు ఎడమ పక్క, ఓ ఇరవై అడుగుల్లో ఉన్నాడు. పొగలో మనిషి కనబడకపోయినా దగ్గు వినబడేది. మధ్యలో గాలి తిరిగింది. సూపర్‌వైజరు వెనక్కి రమ్మని అరిచాడు. నేను వెనక్కి వచ్చాను. ఆయనా వచ్చే ఉంటాడనుకున్నాను. ఇంకో పక్క నుంచి మళ్లీ మొదలుపెట్టి మొత్తానికి ఆర్పాం. ఈల పడింది.

ట్యాంకరు దగ్గర నా పక్క చోటు ఖాళీగా ఉంది. టైము చూశాను. ఆమె ఆఫీసు వదిలే వేళ దగ్గరపడింది. తొమ్మిదో నంబరావిడ, "పోయిండా?" అంది. "వెళ్లాడు" అన్నాను.

వెళ్లే ముందు ఆయన ఎప్పుడూ నాకు చెప్పేవాడు. ఆ రోజు చెప్పలేదు. ఆ సంగతి తర్వాత తట్టింది కాదు, అప్పుడే, అక్కడే నిలబడి ఉండగానే తెలుసు. పొగలో నేను కనబడలేదేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత కూడా అనుకోలేదు. నీళ్ల గురించి అనుకున్నాను. నా వంతు వచ్చింది. ఏడు అన్నాను. తల తిప్పి ఎనిమిది అన్నాను. ఆవిడ తొమ్మిది అంది. పన్నెండు వినబడింది. నీళ్లు తాగాను.

ఐదున్నరకు లైబ్రరీలో ముఖం కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఆయన భార్య.

"తమ్మీ, మీ అన్న ఫోన్ ఎత్తుతలేడు. గంటకెల్లి గేటు కాడ నిలబడ్డ. ఇంక ఆరలేదా మంట?"

"చూసి చెప్తాను వదినా" అన్నాను. కిటికీలోంచి చూస్తే చింతచెట్టు కింద ఆయన స్కూటర్ అలాగే ఉంది.

సూపర్‌వైజరునూ, ఇంకా ఇళ్లకు వెళ్లని జట్టువాళ్లనూ పిలుచుకుని పరుగెత్తాం. క్వారీ గుంత అంచు కింద ఆయన దొరికాడు. గాలి తిరిగినప్పుడు వెనక్కి వస్తూ జారాడో ఏమో, కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. మంట అక్కడికి రాలేదు. షర్టు కూడా కాలలేదు. పొగ మాత్రం ఆ గుంతలోకే దిగింది. ఎంతసేపు బతికి ఉన్నాడో డాక్టర్లు చెప్పలేదు. నేను అడగలేదు.

సూపర్‌వైజరు గుంత అంచున కూలబడి, "ఎనిమిది పలికిండు. నా చెవులతో విన్న. బయటికి వచ్చినోడు మల్ల ఎందుకు పోయిండు లోపలికి?" అన్నాడు.

ఆ మాట అక్కడ పుట్టింది. నేను ఆయన పక్కనే ఉన్నాను. "రాలేదు, పలికింది నేను" అంటే సరిపోయేది. అనలేదు. తోటపని ఆవిడ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లిపోయింది.

విచారణ జరిగింది. ముగ్గురు పెద్దమనుషులు ఒక చల్లటి గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచారు. "లెక్క పూర్తయిందా?" అని అడిగారు. "అయింది సార్" అన్నాను. నిజమే, పన్నెండు వినబడింది. ఇంత చదివి ఆ రోజు నాకు పనికొచ్చింది ఈ తెలివి ఒక్కటే. లెక్క పూర్తయ్యాక మృతుడు తనంతట తానే, ఎవరికీ చెప్పకుండా, తిరిగి లోపలికి వెళ్లినట్టు తేలిందని వాళ్లు రాశారు.

మనిషి మళ్లీ వెళ్లాడంటే ఏదో కారణం ఉండాలి. ఎవరూ చెప్పకపోతే జనమే వెతుక్కుంటారు. నెమలి పిల్లలు మంటలో చిక్కుకున్నాయనీ, వాటి కోసం వెళ్లాడనీ నెల తిరక్కుండా కథ పుట్టింది. సంతాప సభలో ఒక అధ్యాపకుడు దాని మీద అరగంట మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. హాస్టల్ పిల్లలు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన పాస్‌పోర్టు ఫొటో, పక్కన పురి విప్పిన నెమలి. సభ అయ్యేదాకా నేను చివరి వరసలో కూర్చున్నాను. ఆ మాటలు ఎంత అందంగా ఉంటే నేను అంత భద్రంగా ఉన్నానని తెలుస్తూనే ఉంది.

తోటపని ఆవిడ ఒకసారి లైబ్రరీ మెట్ల దగ్గర ఎదురైంది. అటూ ఇటూ చూసి, "నేనైతే ఎవ్వరికి చెప్పలే సారూ. ముందు గూడ చెప్ప. గది నీ నోటికెల్లే రావాలె" అని నీళ్ల పైపు లాక్కుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆదివారాలు మెట్టుగూడకు వెళ్లేవాణ్ణి. ఆఫీసు కాగితాలు నింపడంలో సాయం అనేది వంక. కాగితాలు రెండు నెలల్లో అయిపోయాయి. అయినా వెళ్లేవాణ్ణి. ఆమె టీ ఇచ్చేది. కాసేపయ్యాక ఆ ప్రశ్న వచ్చేది. ప్రతిసారీ వచ్చేది.

"నెమలి పిల్లలంట. నీకు తెల్వదా తమ్మీ, నెమళ్లంటేనే ఆయనకు మంట. ల్యాబ్ ఎనక టమాట చెట్లు పెడితె అన్ని పీకి పెట్టినయని రోజు తిట్టేటోడు. వాటికోసం పోతడా?"

"పోడు వదినా."

"మరి ఎందుకు పోయిండు?"

నేను టీ గ్లాసు వైపు చూసేవాణ్ణి.

నవంబరులో ఒక ఆదివారం ఆమె టీ పెట్టలేదు. మంచం అంచున కూర్చుని మొదలుపెట్టింది. "ఆ దినం పొద్దుగాల లొల్లి పెట్టుకున్న. ఊకెనే. ఇంట్ల ఒక్క పని చెయ్యవు, ఊరోళ్ల మంటలార్పుతవు అన్న. గా ఊరోళ్లకే పోయి వండిపించుకో, నా కాడికి రాకు అన్న. అన్నీ అయినంక బయటికొచ్చిండంట. గేటు కాడ నేనున్న అని తెలుసు. తెలిసి గూడ మల్ల లోపలికే పోయిండు. ఇంటికి రాబుద్ధి కాలే ఆయనకు. గంతే కదా తమ్మీ?"

"అలా కాదు వదినా."

"నీకెట్ల తెలుసు?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది, ఇంకెవరి దగ్గరా లేదు. అయినా మరేదో చెప్పాను. ఆయనకు మీరంటే ఎంత ప్రాణమో అని ఏవో నాలుగు మాటలు. ఆమె వినలేదు. అలాంటి మాటలు వినడం ఎలా ఉంటుందో మా ఆవిడ పోయినప్పుడు నాకూ తెలిసింది. మా ఆవిడది జబ్బు. ఎందుకు పోయిందో నాకు కాగితాల మీద రాసిచ్చారు. కారణం తెలిసి ఏడవడం ఒకటి. ఈమెకు తప్పుడు కారణం ఇచ్చి ఏడిపిస్తున్నది నేను.

అయినా ఇంకో మూడు నెలలు పట్టింది. పిరికితనానికి వేరే పేరు వెతకను.

ఫిబ్రవరి చివర సూపర్‌వైజరు జట్టువాళ్లను పిలిచాడు. కొత్త ఎండాకాలానికి పేర్లు రాసుకుంటున్నాడు. ఎనిమిదో నంబరు ఎవరికిద్దామని అడిగాడు. "ఆ నంబర్ తీసేద్దాం సార్, గౌరవంగా ఉంటది" అన్నాడు ఒక పరిశోధక విద్యార్థి. అందరూ తలూపారు. నేనూ ఊపబోయాను. తోటపని ఆవిడ లేచి బయటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మెట్టుగూడ వెళ్లాను. అది ఆదివారం కాదు. ఆమె అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి బియ్యం కడుగుతోంది. నన్ను చూసి, "ఏంది, ఇయ్యాల వచ్చినవ్?" అంది.

నిలబడే చెప్పాను. ఎక్కువ చెప్పలేదు. ఆయన బయటికి రాలేదని, ఆయన నంబరు పలికింది నేనని, అంతకుముందు కూడా ఆయన అడిగితే పలికేవాణ్ణని, ఆ రోజు ఆయన అడగలేదని, విచారణలో కూడా ఈ సంగతి దాచానని.

ఆమె గిన్నె కింద పెట్టింది.

"అయితె మల్ల పోలేదా?"

"పోలేదు వదినా. ముందు నుంచీ అక్కడే ఉన్నాడు."

"ఇంటికొద్దామనే ఉండె?"

"గాలి తిరిగినప్పుడు వెనక్కే వస్తున్నాడు. మేం చూసినప్పుడు తల ఇటు వైపే ఉంది."

ఆమె చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుచుకుంటూనే ఉంది. "నువ్వు ఎనిమిది అన్నంక, మీరు మల్ల పోయి చూసేదాక ఎంతసేపయింది?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. "గంటన్నర దాటింది" అన్నాను.

పక్క క్వార్టర్లో కుక్కర్ కూత వేసింది. ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. వీపు కదలడం లేదు. నేను వెళ్లాలో ఉండాలో తెలియలేదు.

"పది నెలలు" అంది గోడ వైపే చూస్తూ. "పది నెలలు నా ఇంట్ల కూసొని నా చాయ్ తాగినవ్."

"అవును వదినా."

"వదినా అనకు." ఇటు తిరిగి, "ఇగ ఈ ఇంటికి రాకు. కానీ గిది రాసియ్యి. ఆఫీసుల. ముద్ర పడాలె. మల్ల పోలే అని రాయాలె" అంది.

మర్నాడు ముందు సూపర్‌వైజరుకు చెప్పాను. అరుస్తాడనుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "నేను తలెత్తి చూడలే. చూస్తె తెలుస్తుండె" అన్నాడు. అదొక్కటే. జట్టు పట్టీలో నా పేరు మీద గీత కొట్టాడు. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

విశ్వవిద్యాలయం ఆఫీసుకు ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదట ఒకటిన్నర పేజీ వచ్చింది. అందులో పొగ ఉంది, దాహం ఉంది, మా ఆవిడ కూడా ఉంది. అన్నీ తీసేశాను. ఎనిమిది వాక్యాలు మిగిలితే, ఆ సంఖ్య ఇష్టం లేక రెండు కలిపేశాను. ఇచ్చే ముందు ఆమెకు చూపించాలనిపించి ఫోన్ చేశాను. భోజనాల వేళ తార్నాక బస్టాపుకు వస్తానంది.

వచ్చింది. పలకరింపు లేదు. బస్టాపు వెనక టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని చదివింది. రైల్వే ఆఫీసులో ఉత్తరాలు చూసి చూసి అలవాటైన మనిషి. ఒక చోట వేలు పెట్టి ఆపింది.

"పొరపాటున అని రాసినవ్."

"అవునండీ."

"పొరపాటైతె ఒక్కసారి అయితది. నువ్వు ఎన్నిసార్లు చెప్పినవ్?"

"ఐదారుసార్లు."

"మరి గట్లనే రాయి. అలవాటుండె అని రాయి." ఇంకా వేలు తీయలేదు. "ఆయననే చెప్పుమనేటోడు అని గూడ రాయి. లెక్కకు ఉండకుండ ఉరికొచ్చేటోడు అని. గేటు కాడ ఆలస్యమైతె నేను తిడ్తనని. గది గూడ ఉండాలె గందుల."

"మీ సంగతి ఎందుకండీ?"

"నీ ఒక్కని తప్పని రాసుకుంటె నీకు మంచిగుంటది. నిజం గట్ల లేదు కదా."

టీ కొట్టు బల్ల మీదే ఇంకో కాగితం తీసి మొదటి నుంచి రాశాను. ఆమె చదివి, రెండో వాక్యంలో తేదీ సరిచేయించింది. ఇద్దరం క్యాంపస్ లోపలికి నడిచాం. ఆమె నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. ఉత్తరాలు తీసుకునే ఇన్వర్డు కిటికీలో గుమాస్తా కాగితం తీసుకుని, చదవకుండా పుస్తకంలో ఎక్కించుకుని, నకలు మీద ముద్ర వేశాడు. ఆ నకలు ఆమె చేయి చాచి తనే అందుకుంది. సిరా ఆరేదాకా పట్టుకుని నిలబడి, తర్వాత మడత పెట్టకుండా సంచిలో ఫైలు మధ్య పెట్టుకుంది. మళ్లీ ఆఫీసుకు వెళ్లాలి కాబట్టి గేటు బయట లాలాగూడ ఆటో ఆపి ఎక్కింది. నేను లైబ్రరీకి వెళ్లాను.